పది రూపాయల దావాకు ఊళ్లోనే తీర్పు.. మునసబు కోర్టులను పల్లెలకు తెచ్చిన మన్రో దొర

మునసబు కోర్టు.. పాతతరం వాళ్లకు బాగా తెలిసిన పేరు. ఆ కోర్టు జిల్లా కేంద్రం దాటి జనం దగ్గరికి రావడం వెనుక థామస్ మన్రో ఉన్నారు. రాయలసీమలో ఇప్పటికీ కథలుగా చెప్పుకునే ఆ మన్రో దొరే.

1761 మే 27న స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టిన మన్రో, 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసు చేరుకున్నారు. హైదర్ అలీతో యుద్ధంలో పాల్గొన్నారు. ఆ తర్వాత రెవెన్యూ శాఖకు మారారు. 1800లో నిజాం కంపెనీకి వదులుకున్న కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలకు ప్రధాన కలెక్టర్‌గా వచ్చి ఏడేళ్లు పనిచేశారు. గుడారాల్లో మకాం వేస్తూ ఊరూరా తిరిగి, రైతులతో నేరుగా మాట్లాడి శిస్తు నిర్ణయించారు.

అప్పుడే ఆయనకు కోర్టుల సంగతి అర్థమైంది. 1802 చట్టాల ప్రకారం జిల్లాకు ఒక్క ఇంగ్లిష్ జడ్జి. కింద చిన్న దావాలు చూసే దేశీ కమిషనర్లు ఉన్నా వాళ్ల అధికారం అంతంతమాత్రమే. పెద్ద జిల్లాకు ఒక్క జడ్జి ఏం సరిపోతాడు? కేసులు పేరుకుపోయాయి. చిన్న అప్పు దావా కోసం కూడా రైతు పనులు మానుకుని రోజుల తరబడి నడవాల్సి వచ్చేది.

దీనికి మన్రో చెప్పిన మందు ఒక్కటే. ఇంగ్లిష్ జడ్జీలను పెంచడం కాదు, చిన్న కేసులను స్థానికులకే అప్పగించాలి. 1814లో న్యాయ సంస్కరణల కమిషనర్‌గా ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చారు. మద్రాసు అధికారులు అడ్డుపడినా లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు ఆయన వైపే నిలిచారు. 1816లో కొత్త చట్టాలు వచ్చాయి. పది రూపాయల లోపు దావాలు గ్రామ మునసబుకు, 200 రూపాయల దాకా జిల్లా మునసబుకు దక్కాయి. ఒక్కో జిల్లాలో పలుచోట్ల మునసబు కోర్టులు వెలిశాయి.

అయితే అన్నీ ఫలించలేదు. ఆయన నమ్ముకున్న పంచాయితీలకు జనం పెద్దగా వెళ్లలేదు. పోలీసు, మెజిస్ట్రేట్ అధికారాలు కలెక్టర్ చేతికే ఇవ్వడం మరో వివాదం. శిస్తు వసూలు చేసేదీ, శిక్ష వేసేదీ ఒక్కరే అయితే రైతు ఎవరికి చెప్పుకోవాలి? ఈ ముడి పూర్తిగా విడిపోవడానికి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దాకా ఆగాల్సి వచ్చింది.

1820లో మన్రో మద్రాసు గవర్నర్ అయ్యారు. పదవి వీడే ముందు సీమ జిల్లాలను మరోసారి చూద్దామని బయల్దేరారు. 1827 జూలై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. గుత్తిలో ఖననం చేసి, తర్వాత అవశేషాలను మద్రాసుకు తరలించారు.

గ్రామ మునసబు పదవి 1984లో ఎన్టీఆర్ హయాంలో రద్దయింది. జిల్లా మునసబు కోర్టులే నేటి జూనియర్ సివిల్ జడ్జి కోర్టులు. 1972 నాటి సివిల్ కోర్టుల చట్టం కింద హైకోర్టును సంప్రదించి ఆ జడ్జీల సంఖ్యను రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. మా ఊరికి కోర్టు కావాలన్న డిమాండ్ మాత్రం ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.