విలియం హీలీ

విలియం హీలీ (జనవరి 20, 1869 - మార్చి 15, 1963) ఇంగ్లాండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన ప్రముఖ మనోవైద్యుడు. నేరారోపణపై బాలల న్యాయస్థానానికి వచ్చిన పిల్లలను పరీక్షించి, వారి ప్రవర్తనకు గల కారణాలను న్యాయమూర్తికి తెలియజేసే వైద్య కేంద్రాన్ని 1909లో చికాగో నగరంలో ప్రారంభించాడు. బాలల మార్గదర్శక వైద్యశాలలకు ఈ కేంద్రమే ఆద్యమని భావిస్తారు. బాల నేరస్థులలో అధికులు పుట్టుకతో మందబుద్ధులనే నాటి నమ్మకాన్ని తన పరిశోధనలతో ఖండించాడు.

బాల్యం, విద్య

హీలీ ఇంగ్లాండులోని బకింగ్‌హామ్‌షైర్‌లో ఒక పేద కుటుంబంలో జన్మించాడు. ఈయన బాల్యంలోనే కుటుంబం అమెరికాకు వలస వెళ్ళింది. ఇంటి పరిస్థితుల వలన చిన్న వయసులోనే బడి మానివేసి చికాగోలో ఒక బ్యాంకులో పనికి కుదిరాడు. స్వయంకృషితో చదువుకొని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ తత్త్వవేత్త, మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ ప్రభావం ఈయనపై పడింది. 1900లో చికాగోలోని రష్ వైద్య కళాశాల నుండి వైద్య పట్టా పొందాడు. తరువాత వియన్నా, బెర్లిన్, లండన్ నగరాలలో నాడీ సంబంధ వ్యాధులను అధ్యయనం చేశాడు.

చికాగో బాలల న్యాయస్థానం

అమెరికాలో మొదటి బాలల న్యాయస్థానం 1899లో చికాగో నగరం గల కుక్ కౌంటీలో ఏర్పడింది. పిల్లలను శిక్షించుటకు బదులు సంస్కరించుట దీని ఆశయం. అయితే కొందరు పిల్లలు మళ్ళీ మళ్ళీ అదే న్యాయస్థానానికి వస్తుండేవారు. దీనికి కారణమేమిటో న్యాయమూర్తులకు గాని, పర్యవేక్షణ అధికారులకు గాని బోధపడలేదు. సంఘ సంస్కర్త్రులు జూలియా లాత్రాప్, జేన్ ఆడమ్స్ ఈ విషయంలో శాస్త్రీయ పరిశోధన అవసరమని భావించారు. ఎథెల్ డమ్మర్ అనే దాత ఐదు సంవత్సరాల ఖర్చు భరించడానికి ముందుకు వచ్చింది. ఆ విధంగా 1909లో జువెనైల్ సైకోపథిక్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. హీలీ దీనికి మొదటి సంచాలకుడు. 1914లో కౌంటీ ప్రభుత్వం దీని బాధ్యతను స్వీకరించింది.

హీలీ ప్రతి బాలునికి వైద్య పరీక్ష, మానసిక పరీక్షలు జరిపించి, కుటుంబ చరిత్రను సేకరించేవాడు. వీటితో పాటు, జరిగినదేమిటో బాలుని నోటనే చెప్పించి నమోదు చేసేవాడు. అంతవరకు న్యాయస్థానాలలో పిల్లవాని మాటకు ఇంతటి స్థానం లేదు.

మందబుద్ధి వాదం

ఆ రోజులలో హెన్రీ గొడ్డార్డ్ మొదలైనవారు నేరప్రవృత్తికి వంశపారంపర్యమైన మందబుద్ధి ముఖ్య కారణమని ప్రచారం చేశారు. ఒక బాలునిపై ఈ ముద్ర పడితే దాని ఫలితం తీవ్రంగా ఉండేది. ఉదాహరణకు మసాచుసెట్స్ రాష్ట్రం 1911లో చేసిన చట్టం ప్రకారం, మానసిక లోపం గల నేరస్థులుగా నిర్ణయించబడినవారిని గడువు లేకుండా నిర్బంధించవచ్చు. అంటే నేరం చిన్నదైనా నిర్బంధానికి ముగింపు ఉండకపోవచ్చు.

చికాగో న్యాయస్థానానికి వచ్చినవారిలో వలస కుటుంబాల పిల్లలు అనేకులు. ఆంగ్లం సరిగా రాని పిల్లవాడు మాటలతో జరిపే పరీక్షలో వెనుకబడితే అది బుద్ధిలోపమని చెప్పలేము. అందుచేత హీలీ, మనస్తత్వ శాస్త్రవేత్త గ్రేస్ ఫెర్నాల్డ్ కలిసి బొమ్మలు, చెక్కముక్కలు వంటి వస్తువులతో చేయించే పరీక్షలను రూపొందించి 1911లో ప్రచురించారు.

పదే పదే నేరాలు చేసిన సుమారు వెయ్యిమంది యువజనులను పరిశీలించి హీలీ 1915లో ది ఇండివిడ్యువల్ డెలింక్వెంట్ అనే గ్రంథాన్ని వెలువరించాడు. నేరానికి ఏ ఒక్క కారణమూ చాలదనీ, నేరప్రవృత్తి వంశపారంపర్యంగా వస్తుందనుటకు ఆధారం లేదనీ ఇందులో నిరూపించాడు. ఈయన సహచరి అగస్టా బ్రానర్ కూడా నేరం చేసిన బాలికలపై 1914లో ప్రచురించిన అధ్యయనంలో నేరానికీ బుద్ధిలోపానికీ విడదీయరాని సంబంధం లేదని తేల్చింది.

బోస్టన్ కేంద్రం

బోస్టన్ బాలల న్యాయస్థానపు మొదటి న్యాయమూర్తి హార్వే బేకర్ 1915లో మరణించాడు. ఆయన స్మారకంగా 1917లో జడ్జ్ బేకర్ ఫౌండేషన్ ఏర్పడగా, హీలీ, బ్రానర్ దాని నిర్వహణకు బోస్టన్ వెళ్ళారు. 1924లో ఏర్పడిన అమెరికన్ ఆర్థోసైకియాట్రిక్ సంఘానికి హీలీ మొదటి అధ్యక్షుడు.

గ్లూక్ దంపతుల అధ్యయనం

1934లో హార్వర్డ్ పరిశోధకులు షెల్డన్ గ్లూక్, ఎలీనార్ గ్లూక్ దంపతులు ఈ కేంద్రంలో పరీక్షించబడిన వెయ్యిమంది బాలురపై ఒక గ్రంథం ప్రకటించారు. తరువాతి ఐదేళ్ళలో వారిలో 88 శాతం మంది తిరిగి నేరాలు చేసినట్లు ఇందులో తేలింది. బోస్టన్‌లో ఇది పెద్ద వివాదానికి దారి తీసింది. కేంద్రం చేసిన సిఫారసులు అనేకం అమలు కాలేదని కూడా ఈ అధ్యయనం తెలిపింది. వైద్యుడు కారణాన్ని గుర్తించినంత మాత్రాన బాలుడు బాగుపడడు. చికిత్స, మంచి ఇల్లు, బడి, పని కూడా లభించాలి. వాటిని సమకూర్చే అధికారం వైద్యునికి లేదు.

1936 నాటి పరిశోధన

హీలీ, బ్రానర్ మరొక పద్ధతిలో పరిశోధన సాగించి 1936లో ఫలితాలు ప్రకటించారు. ఒకే ఇంటిలో పెరిగిన పిల్లలలో నేరం చేసినవారిని, చేయని తోబుట్టువులను పోల్చి చూశారు. నేరం చేసిన పిల్లలలో 91 శాతం మంది తిరస్కారం, అసూయ, అవమానం వంటి తీవ్రమైన మనోవేదనలతో బాధపడుతున్నట్లు గమనించారు. తోబుట్టువులలో ఈ స్థితి 13 శాతం మందిలో మాత్రమే కనిపించింది. పేదరికం, ఇరుగుపొరుగు ఇద్దరికీ సమానమే అయినా, తలిదండ్రులతో బంధం ఇద్దరికీ ఒకే విధంగా లేదని వీరు వివరించారు. అయితే ఏ బిడ్డ నేరం చేసినదీ పరిశీలకులకు ముందే తెలియడం వలన ఈ అంకెలపై తరువాత విమర్శలు వచ్చాయి.

వ్యక్తిగత జీవితం

హీలీ మొదటి భార్య మేరీ టెన్నీ. ఆమెతో కలిసి అబద్ధాలాడే అలవాటుపై 1915లో ఒక గ్రంథం రచించాడు. ఆమె మరణానంతరం 1932లో అగస్టా బ్రానర్‌ను వివాహం చేసుకున్నాడు. పదవీ విరమణ తరువాత ఫ్లోరిడాలో నివసించి, 1963లో తన 94వ యేట మరణించాడు.

ప్రభావం

హీలీ కృషి వలన, పిల్లవాడు ఏ నేరం చేశాడన్న ప్రశ్నతో పాటు ఎందుకు చేశాడన్న ప్రశ్న కూడా న్యాయస్థానాలలో నిలిచింది. కాని బాలుని మేలు కోరుతున్నామనే పేరుతో అతని హక్కులను విస్మరించే ప్రమాదం కూడా ఈ విధానంలో ఉంది. 1967లో గాల్ట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, నిర్బంధానికి దారితీయగల విచారణలలో పిల్లలకు న్యాయవాది సహాయం వంటి రక్షణలు తప్పనిసరి అని తీర్పు చెప్పింది. భారతదేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, ఘోర నేరారోపణ ఎదుర్కొనే 16-18 ఏళ్ళ వయసువారి మానసిక సామర్థ్యాన్ని బాలల న్యాయ మండలి ముందుగా అంచనా వేయాలి. వారిని పెద్దలవలె విచారించాలా లేదా అన్నది ఈ అంచనాపై ఆధారపడుతుంది. ఇందుకు మనస్తత్వ నిపుణుల సహాయం తీసుకోవచ్చు. ఒక పరీక్ష ఫలితం బాలునికి రక్షణ కావచ్చు, సంకెల కూడా కావచ్చుననే విషయం హీలీ కాలంలో వలెనే నేటికీ వర్తిస్తుంది.

ముఖ్య రచనలు

ది ఇండివిడ్యువల్ డెలింక్వెంట్ (1915)
మెంటల్ కాన్‌ఫ్లిక్ట్స్ అండ్ మిస్‌కాండక్ట్ (1917)
డెలింక్వెంట్స్ అండ్ క్రిమినల్స్ - బ్రానర్‌తో (1926)
న్యూ లైట్ ఆన్ డెలింక్వెన్సీ అండ్ ఇట్స్ ట్రీట్‌మెంట్ - బ్రానర్‌తో (1936)