ప్రకాశం పంతులు గారు, ఆయన మాస్టారు
(రాసినది: 9వ తరగతి విద్యార్థిని)

ఈసారి గోడపత్రికలో గొప్పవారి జీవితం రాసే వంతు నాకు వచ్చింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి గురించి రాస్తానంటే మా రూములో వాళ్ళు నవ్వారు. ఆయన గురించి అందరికీ తెలుసు గదా, కొత్తగా ఏం రాస్తావే అన్నారు. నిజమే. సైమన్ కమిషను, తుపాకీ, ముఖ్యమంత్రి అని పరీక్షలో రాస్తాం, మార్కులు వేస్తారు, అయిపోతుంది. కానీ ఆయన మన వయసులో ఉన్నప్పుడు ఎట్టా ఉన్నాడో ఎవరూ రాయరు. నేను అదే ఎక్కువ రాస్తున్నాను.

ప్రకాశం గారు 1872వ సంవత్సరం ఆగస్టు 23న జన్మించారు. వాళ్ళ ఊరు వినోదరాయునిపాలెం. మన పొదిలిలో బస్సెక్కి చీమకుర్తి మీదుగా ఒంగోలు పోయి, అక్కడి నుంచి సముద్రం వైపు ఇంకా కొంచెం పోవాలి. తండ్రి పేరు గోపాలకృష్ణయ్య, తల్లి పేరు సుబ్బమ్మ. పదకొండేళ్ళకే ఆయనకు తండ్రి చనిపోయారు. అప్పుడు తల్లి పిల్లల్ని తీసుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ళ ఇల్లు పెట్టింది. పూటకూళ్ళ ఇల్లు అంటే డబ్బులు తీసుకుని భోజనం పెట్టే ఇల్లు, మన మెస్సు లాంటిదే, ఐతే వంట, వడ్డన, గిన్నెలు అన్నీ ఇంట్లో వాళ్ళే చేసుకోవాలి. ఆ రోజుల్లో ఆ పనిని గౌరవంగా చూసేవాళ్ళు కాదు. అయినా ఆమె సిగ్గుపడలేదు. పిల్లవాడు మిషను స్కూల్లో చదువుతుంటే పరీక్ష ఫీజు మూడు రూపాయలు కట్టాల్సి వచ్చింది. ఇంట్లో మూడు రూపాయలు లేవు. ఆమె తన పట్టుచీర తాకట్టు పెట్టి కట్టింది.

ఇక్కడ నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మేము యానాదులం. మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదలు. మా అమ్మకు పట్టుచీర లేదు. మిరపకోతకు పోయి తెచ్చిన కూలి డబ్బులతో నాకు ట్రంకుపెట్టె కొన్నది. సరే, నా సంగతి తర్వాత.

ప్రకాశం గారు చిన్నప్పుడు బుద్ధిమంతుడేం కాదు. అల్లరి పిల్లలతో, రౌడీలతో తిరిగేవాడు. చదువుకన్నా నాటకాల మీద ఎక్కువ ఇష్టం. వేషం వేయడానికి ఎంత రాత్రయినా పోయేవాడు. అప్పట్లో ఆడవాళ్ళు స్టేజీ ఎక్కేవాళ్ళు కాదు గనక మగపిల్లలే ఆడవేషాలు కట్టేవాళ్ళు. ప్రకాశం గారు కూడా చీర కట్టి ఆడవేషం వేశారు. అట్టాంటి పిల్లవాణ్ణి చూస్తే ఎవరైనా ఏమంటారు? వీడు చెడిపోయాడు, నాటకాలు మాన్పించండి అంటారు.

కానీ మిషను స్కూల్లో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారని ఒక మాస్టారు ఉండేవారు. ఆయన అట్టా అనలేదు. ఎందుకంటే ఆయనకు కూడా నాటకాలంటే ప్రాణం! ఈ పిల్లవాడిలో ఏదో ఉందని ఆయన కనిపెట్టారు. జీతం కట్టకుండా చదువుకునే ఏర్పాటు చేశారు. నాటకంలో వేషం కూడా ఇచ్చారు. చదువు ఒక చేత్తో, నాటకం ఒక చేత్తో ఇచ్చారన్నమాట. ఆయన ఒంగోలు వదిలి రాజమండ్రి పోయేటప్పుడు ప్రకాశం గారిని కూడా వెంట తీసుకుపోయారు. సొంత కొడుకు కాదు, బంధువు కాదు. అయినా తీసుకుపోయారు.

రాజమండ్రిలో నాయుడు గారు నాటక సమాజం పెట్టారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు దాని కోసమే గయోపాఖ్యానం అనే నాటకం రాశారు. దాంట్లో ప్రకాశం గారిది అర్జునుడి వేషం. రాజమండ్రిలో కూడా ఆయన అల్లరి మానలేదు. మాస్టారు కూడా ఆయన్ని వదిలిపెట్టలేదు. ఎఫ్.ఏ. చదివించారు, తర్వాత లా చదవడానికి మద్రాసు పంపించారు. ఈ మాస్టారు పేరు మన పాఠంలో ఒక్క లైను కూడా లేదు. నాకైతే అది బాగాలేదు.

తర్వాతిది మీకు తెలిసిందే గనక గబగబా చెప్తాను. రాజమండ్రిలో ప్లీడరుగా మంచి పేరు తెచ్చుకున్నారు. 1904లో అక్కడ మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. అంటే అప్పటికి ముప్పై దాటి ఒకటి రెండేళ్ళే. పెద్ద కోర్టులో వాదించాలంటే బారిస్టరు కావాలని ఓడ ఎక్కి ఇంగ్లండు పోయి చదువుకుని వచ్చారు. మద్రాసులో లక్షలు సంపాదించారు. 1921లో గాంధీ గారి ఉద్యమం కోసం ఆ ప్రాక్టీసు వదిలేసి స్వరాజ్య అనే పత్రిక పెట్టారు. ఆ పత్రిక కోసం ఉన్నదంతా ఖర్చయిపోయింది.

1928లో సైమన్ కమిషను వచ్చినప్పుడు మద్రాసులో జనం ఎదురు తిరిగారు. పోలీసులు కాల్పులు జరిపారు. ముందుకు రావద్దని తుపాకీ చూపిస్తే ప్రకాశం గారు చొక్కా తెరిచి రొమ్ము చూపించి నిలబడ్డారు. అందుకే ఆంధ్రకేసరి అన్నారు. నాకేమనిపిస్తుందంటే, వేలమంది ముందర కాళ్ళు వణక్కుండా నిలబడటం ఆయనకు ఆ రోజే రాలేదు. ఒంగోలు స్టేజీ మీదే వచ్చింది. ఇది నా అభిప్రాయం, పుస్తకంలో లేదు.

1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యారు. అప్పుడు ముఖ్యమంత్రిని అట్టానే పిలిచేవాళ్ళు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే మొదటి ముఖ్యమంత్రి ఆయనే. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆయన ప్రభుత్వంలోనే మొదలైంది. అదే సంవత్సరం ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. ఒక్క ఓటు! 1957 మే 20న హైదరాబాదులో మరణించారు. అన్ని పదవులు చేసి కూడా చివరికి డబ్బులు మిగుల్చుకోలేదు. ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు.

ఇప్పుడు నా సంగతి. మొన్న బాలసభకు సెక్రటరీగా నిలబడమని మా క్లాసు వాళ్ళు నా పేరు చెప్తే నేను బాత్‌రూముల వెనకాల దాక్కున్నాను. నేను మాట్లాడితే మా గుడిసెల దగ్గరి యాస వస్తుంది, మైకులో వింటే అందరూ నవ్వుతారని భయం. ఓడిపోతానని కూడా భయం. ఒక్క ఓటుతో పోతే మొహం ఎట్టా చూపించాలి? ఈ వ్యాసం కోసం చదువుతుంటే ఆ ఒక్క ఓటు దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇంకొక మాట, వార్డెన్ సార్‌కి, మేడమ్‌కి కోపం రాకపోతే రాస్తాను. యూనిట్ టెస్టులో కొందరికి మార్కులు తగ్గాయని సాయంత్రం నాటకం ప్రాక్టీసు ఆపేశారు. తగ్గింది నిజమే, నాకు లెక్కల్లో తగ్గాయి. కానీ నాటకంలో లేనివాళ్ళకు కూడా తగ్గాయి, రిజిస్టరు చూడండి సార్. స్టడీ అవర్ అయ్యాక అరగంట ఇస్తే చాలు. పొద్దున్నే లేచి లెక్కలు చేస్తామని తొమ్మిదో తరగతి వాళ్ళం ఒక కాగితం మీద సంతకాలు పెట్టాం. కాగితం ఆఫీసు రూములో టేబుల్ మీద, రాయి కింద పెట్టాను.

సెక్రటరీకి నా పేరు ఇచ్చేశాను. ప్రాక్టీసు మళ్ళీ మొదలైతే అర్జునుడి వేషం నాకు కావాలి. ప్రకాశం గారు మగపిల్లవాడై ఉండి చీర కట్టారు గదా, నేను మీసం పెట్టుకుంటే ఏం? విల్లుకు వెదురు మా నాయన ఈ ఆదివారం వచ్చేటప్పుడు తెస్తానన్నాడు. కిరీటానికి బంగారు రంగు కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే దాచిపెట్టండి.