మగ్గం మీద వెతికిన మనిషి – రుక్మిణీదేవి అరండేల్



నేను ఎనిమిదో తరగతి వరకే చదివినాను. పరిశోధన అంటే పెద్ద చదువులోళ్ళ పని అనుకొని ఉంటిని. రుక్మిణీదేవి గారి జీవితం తెలిసినాక ఆ తలంపు పోయింది.

ఆమె 1904 ఫిబ్రవరి 29న మదురైలో పుట్టినారు. 1920లో ఇంగ్లీషు దొర జార్జి అరండేల్‌ను పెండ్లాడితే మదరాసంతా గొడవైంది. రష్యా నాట్యకత్తె అన్నా పావ్లోవా పరిచయంతో ఆమె మనసు నాట్యం మీదికి పోయింది. అప్పట్లో మన సదిరాట దేవదాసీలది, పెద్దిండ్ల ఆడవాళ్ళు ఆడేవాళ్ళు కారు. మైలాపూరు గౌరి అమ్మాళ్, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై గార్ల దగ్గర నేర్చుకొని, 1935 డిసెంబరులో అడయారులో అందరి ముందర ఆడినారు. మరుసటి సంవత్సరం కళాక్షేత్రం పెట్టినారు. ఆమె శృంగారాన్ని తగ్గించడం బాలసరస్వతి గారికి నచ్చలేదు. ఆ వాదం ఇప్పటికీ ఉంది, దాన్ని దాచకూడదు.

నాట్యానికి ఏ బట్ట కట్టాలనేది ఇంకో ప్రశ్న. గుడి శిల్పాలు, పాతకాలం పట్టుచీరలు చూసి ఆమె జవాబు వెతికినారు. 1937లో కళాక్షేత్రంలోనే మగ్గాలు వేయించినారు. మరుగున పడిన వెడల్పాటి అంచులు, పాత రంగులు మళ్ళీ నేతకెక్కినాయి. చిత్రకారుడు కె. శ్రీనివాసులు గారు అక్కడే బొమ్మలు నేర్పినారు. మేలట్టూరు భాగవతుల తెలుగు నాటకాలను కూడా ఆమె ఆడించినారు. ఆడి చూడడం, గీసి చూడడం, నేసి చూడడం, సరిగా రాకుంటే మార్చడం, ఇదే ఆమె పరిశోధన. 1977లో రాష్ట్రపతి పదవికి పిలిచినా వద్దన్నారు. 1986 ఫిబ్రవరి 24న కన్నుమూసినారు.

ఇక నా తప్పు చెప్పుకుంటాను. సొసైటీ గదికి సున్నం వేయించేటప్పుడు, చోటు లేదని పాత నమూనా గుడ్డల మూట పాతసామాన్లవాడికి వేసేసినాను. పోయినేడు ఒక కుర్రవాడు వాళ్ళ తాత నేసిన గళ్ళ లుంగీ నమూనా అడిగితే చూపించను ఒక ముక్క కూడా లేదు. ఆ గళ్ళ లెక్క తాతతోనే పోయింది.

తిరుత్తణి, పొదటూరుపేట, అమ్మయారుకుప్పంలో మీ పెట్టెల్లో పాత గుడ్డ ఉంటే పారేయవద్దండి. జానెడు ముక్క, దాని పడుగు పేకల లెక్క, నేసినవారి పేరు రాసి దాచండి. పిల్లలతో మగ్గం మీద మళ్ళీ నేయించి చూడండి. రుక్మిణీదేవి గారికి పాత చీరలు దొరికినాయి. మన పిల్లలు వెతికే నాటికి వాళ్ళకూ ఏదో ఒకటి దొరకాలి కదా.