బాంబులు వేసినవాడు, వాటి కింద నిలబడినవారు

డిసెంబరు 7 మన దేశంలో సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి జరుపుకుంటున్నాం. బడిపిల్లలు చిన్న జెండా స్టిక్కరు చొక్కాకు అంటిస్తే పదో ఇరవయ్యో చేతిలో పెట్టి పంపేస్తాం. ఆ డబ్బు మాజీ సైనికులకూ, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న స్త్రీలకూ, వారి పిల్లలకూ ఉద్దేశించినదని మనలో చాలామందికి గుర్తుండదు.

అమెరికాలో ఆ తేదీకి మరో జ్ఞాపకం ఉంది. 1941లో ఆ రోజు ఆదివారం. ఉదయం ఎనిమిది గంటలు కావొస్తుండగా హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్ నౌకాస్థావరం మీద జపాను విమానాలు ముందు మాట లేకుండా విరుచుకుపడ్డాయి. ఆ దాడిని ఆకాశంలో నడిపించినవాడు మిత్సువో ఫుచిడా. తర్వాతి రోజుల్లో క్రీస్తును నమ్ముకొని సువార్తికుడయ్యాడు. అందుకే ఆయన పేరు మన సంఘాలకు కొత్త కాదు. కూటాల్లో ఆయన సాక్ష్యాన్ని పది నిమిషాల్లో చెప్పేస్తుంటాం. కరడుగట్టిన శత్రువు, చేతికందిన ఒక కరపత్రం, మారుమనస్సు, హల్లెలూయ. ఆ పది నిమిషాల్లో పట్టనిది చాలా ఉంది. పట్టని దానిలో మన ఊళ్ల కథ కూడా ఉంది.

ఫుచిడా 1902 డిసెంబరు 3న జపానులోని నారా ప్రాంతంలో పుట్టాడు. 1921లో నౌకాదళ విద్యాలయంలో చేరి 1924లో బయటికొచ్చాడు. పెర్ల్ హార్బర్ దాడికి పథకం రచించినవారిలో ముఖ్యుడైన మినోరు గెండా అక్కడ ఆయనకు తోటి విద్యార్థి. చైనా యుద్ధంలో విమానాలు నడిపి, 1939లో అకాగి అనే విమానవాహక నౌకకు చేరాడు. చక్రవర్తి మాటే దైవవాక్కు అని నమ్మే చదువు అది. ఆ చదువులో ఆయన మొదటి వరుస విద్యార్థి అనుకోవచ్చు.

ముప్పై తొమ్మిదేళ్లు నిండిన నాలుగో రోజున ఆయన 183 విమానాల మొదటి దండును హవాయి మీదికి తీసుకెళ్లాడు. ఓడరేవు ఆదివారపు నిద్రలో ఉంది. శత్రువు మేలుకోలేదని తెలియగానే, జపాను భాషలో పులి అనే మాటను మూడుసార్లు వైర్‌లెస్‌లో పంపాడు. దాడి ఫలించిందనడానికి అదే గుర్తు. రెండు దండుల్లో కలిపి 350కి పైగా విమానాలు. చనిపోయిన అమెరికన్లు 2,403 మంది. అరిజోనా అనే ఒక్క యుద్ధనౌకలోనే 1,177 మంది. వారిలో తొమ్మిది వందల మందికి పైగా నేటికీ ఆ మునిగిన ఓడలోనే ఉన్నారు. అదే వారి సమాధి. ఆ మరణాలన్నీ జరుగుతుంటే ఫుచిడా పైన చక్కర్లు కొడుతూ నష్టాన్ని లెక్క వేసుకున్నాడు. ఆ రోజు తాను ఎంతో సంతోషించానని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు.

పదహారు రోజుల తర్వాత, క్రిస్మసుకు రెండు రోజుల ముందు, జపాను విమానాలు రంగూను మీద పడ్డాయి. ఇక్కడ కథ మన ఇంటికి వస్తుంది. రంగం వెళ్లడం అంటే మన ప్రాంతపు పెద్దలకు తెలియనిది కాదు. పంట పోయిన ఏడు, అప్పు పెరిగిన ఏడు, ఓడ ఎక్కి రంగం పోయేవారు. రంగూను రేవులో మూటలు మోసిన కూలీల్లో అత్యధికులు తెలుగువారే. ఆ రోజు వీధుల్లో నిలబడి విమానాలను వింతగా చూస్తున్న జనం మీద బాంబులు పడ్డాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. మిగిలినవారు లక్షల సంఖ్యలో అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచి ఇండియాకు బయలుదేరారు. దారిలో రాలిపోయినవారికి సమాధులూ లేవు, పేర్లూ లేవు.

రంగూను దాడిలో ఫుచిడా లేడు. కాని నాలుగు నెలలు తిరగకుండానే ఆయన మన సముద్రం వైపు వచ్చాడు. 1942 ఏప్రిల్ 5, ఈస్టరు ఆదివారం. నూరుకు పైగా విమానాలతో కొలంబో మీద దాడి చేశాడు. సంఘాలు పునరుత్థాన పండుగ జరుపుకునే ఉదయం అది. మరునాడు, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ఆ రెంటినీ వేసింది ఫుచిడా దండు కాదు. అదే సమయంలో బంగాళాఖాతంలో తిరుగుతున్న మరో జపాను నౌకాదళం నుంచి, ర్యూజో అనే ఓడ మీదినుంచి లేచిన విమానాలు వేశాయి. రెండూ ఒకే యుద్ధయాత్రలోని భాగాలు.

అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు. కోటబొమ్మాళి, టెక్కలి, నరసన్నపేట అన్నీ విశాఖపట్నం జిల్లాలోనివే. కనుక బాంబులు పడింది మన జిల్లా కేంద్రం మీదనే. ప్రాణనష్టం రంగూనుతో పోలిస్తే చాలా తక్కువ. భయానికి మాత్రం లెక్క లేదు. విశాఖ జనం మూటాముల్లె సర్దుకొని లోపలి పల్లెలకు పరుగెత్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. మద్రాసు ప్రభుత్వమే తన కార్యాలయాలను లోపలి ఊళ్లకు పంపింది. ఆనాడు పేలకుండా మిగిలిన ఒక బాంబును విశాఖ మ్యూజియంలో ఉంచారు. పిల్లలను బీచికి తీసుకెళ్లినప్పుడు చూపించండి. ఫుచిడా సాక్ష్యం ఎక్కడో సముద్రాల అవతల జరిగిన కథ అనుకునేవారికి అది చాలు.

రెండు నెలల్లో ఆట తిరగబడింది. 1942 జూన్ 4న మిడ్వే యుద్ధంలో జపాను నాలుగు విమానవాహక నౌకలను పోగొట్టుకుంది. అకాగి వాటిలో ఒకటి. అపెండిసైటిస్ ఆపరేషను అయి కొద్ది రోజులే కావడంతో ఫుచిడా విమానం ఎక్కలేదు. మంటల్లో ఉన్న ఓడ నుంచి తాడు పట్టుకొని దిగబోతుండగా పేలుడుకు కిందపడి కాళ్లు విరిగాయి. ప్రాణం దక్కింది. 1945 ఆగస్టులో ఒక సమావేశానికి హిరోషిమాలో ఉన్నాడు. అణుబాంబు పడేందుకు ఒక్క రోజు ముందు పిలుపొచ్చి ఊరు దాటాడు. మరునాడు శిథిలాలను పరీక్షించే బృందంతో తిరిగి వెళ్లాడు.

ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. యుద్ధం గురించి ఫుచిడా చెప్పినవన్నీ చరిత్రకారులు ఒప్పుకోలేదు. పెర్ల్ హార్బర్ మీద మరో దాడి చేద్దామని తాను పట్టుబట్టానని ఆయన చెప్పిన మాటను బాగా పరిశోధించినవారే శంకించారు. మారుమనస్సు పొందినంత మాత్రాన మనిషి జ్ఞాపకాలు అక్షరసత్యాలైపోవు. సాక్ష్యం చెప్పేవారు, చెప్పించేవారు కూడా దీన్ని గుర్తుంచుకుంటే మంచిది.

యుద్ధం ముగిశాక ఆయన సొంత ప్రాంతానికి వెళ్లి సేద్యం మొదలుపెట్టాడు. సైన్యం లేదు, హోదా లేదు. టోక్యోలో యుద్ధ నేరాల విచారణకు సాక్షిగా పిలిస్తే మనసు కుతకుతలాడింది. ఖైదీలను హింసించడంలో గెలిచినవారు మాత్రం తక్కువ తిన్నారా అని ఆయన వాదం. దాన్ని రుజువు చేయాలని 1947లో ఉరాగా రేవుకు వెళ్లాడు. అమెరికా నుంచి విడుదలై వస్తున్న జపాను ఖైదీలను ఎలా హింసించారో అడగాలని ఆయన పట్టుదల. వారిలో మిడ్వేలో చనిపోయాడనుకున్న తన పాత సహచరుడు కనిపించాడు. ఆ మనిషి హింస గురించి చెప్పలేదు. తమకు సేవ చేసిన ఒక అమ్మాయి గురించి చెప్పాడు.

ఆమె పేరు పెగ్గీ కోవెల్. తల్లిదండ్రులు అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు. నెల్లూరు, ఒంగోలు సంఘాలను నాటిన మిషనే వారినీ పంపింది. మన ఉత్తరాంధ్రలో కెనడా బాప్టిస్టులు చేసినట్టే వారు జపానులో దాదాపు ఇరవై ఏళ్లు విద్యార్థుల మధ్య గడిపారు. యుద్ధ వాతావరణం ముదిరినప్పుడు ఫిలిప్పీన్స్‌కు మారారు. అక్కడ పనాయ్ దీవి కొండల్లో తోటి మిషనరీలతో దాగి ఉండగా 1943 డిసెంబరులో జపాను సైనికులు పట్టుకొని తలలు నరికారు. ప్రార్థించుకోవడానికి కొంత సమయం అడిగారని తర్వాత తెలిసింది. ఆ కబురు విన్న కూతురికి మొదట వచ్చింది ద్వేషమే. అది న్యాయమైన ద్వేషం. అమ్మానాన్నలు ఆ చివరి గడియలో ఏం ప్రార్థించి ఉంటారని ఆలోచించాక ఆమె లేచి వెళ్లి జపాను ఖైదీల ఆసుపత్రిలో పనికి చేరింది.

ఫుచిడాకు ఇది అర్థం కాలేదు. ఆయన పెరిగిన చదువులో చచ్చిన తల్లిదండ్రులకు బిడ్డ తీర్చవలసిన రుణం పగ. ఆ అమ్మాయి ఎందుకు అలా చేసిందో తేల్చుకోకుండా ఉండలేకపోయాడు. పది నిమిషాల సాక్ష్యంలో ఎక్కువగా జారిపోయేది పెగ్గీ పేరే. నా దృష్టిలో ఫుచిడా గుండె మొదట పగిలింది అక్కడే. కరపత్రం తర్వాత వచ్చింది.

ఆ కరపత్రం 1948లో టోక్యోలోని షిబుయా స్టేషను దగ్గర చేతికందింది. రాసినది జేకబ్ డిషేజర్. 1942 ఏప్రిల్‌లో, మన విశాఖ మీద బాంబులు పడిన పన్నెండో రోజున, పెర్ల్ హార్బర్‌కు బదులుగా జపాను మీద బాంబులు వేసిన అమెరికన్ దండులో ఆయన ఒకడు. నగోయా మీద బాంబులు వేసి చైనాలో దిగి పట్టుబడ్డాడు. నలభై నెలలు చెరలో ఉన్నాడు. అందులో ఎక్కువ భాగం ఒంటరి గదిలోనే. తోటివారిలో ముగ్గురిని కాల్చి చంపారు. ఒకరు తిండిలేక క్షీణించి చనిపోయారు. 1944లో కావలివారు మూడు వారాల పాటు ఒక బైబిలు ఇచ్చారు. ఆ మూడు వారాలూ ఆయన బతుకును మార్చేశాయి. విడుదలయ్యాక వేదాంత విద్య చదివి, తనను చెరపెట్టిన దేశానికే మిషనరీగా తిరిగొచ్చాడు. తాను బాంబులు వేసిన నగోయాలోనే తర్వాత ఒక సంఘాన్ని స్థాపించాడు.

కరపత్రం చదివాక ఫుచిడా బైబిలు కొనుక్కున్నాడు. లూకా సువార్త 23వ అధ్యాయానికి వచ్చేసరికి, సిలువ మీద యేసు తనను చంపుతున్నవారికోసం తండ్రిని వేడుకున్న మాట దగ్గర ఆగిపోయాడు. పెగ్గీ తల్లిదండ్రులు ఏం ప్రార్థించి ఉంటారో అక్కడ అర్థమైందని ఆయన చెప్పేవాడు. 1950లో బహిరంగంగా విశ్వాసం ఒప్పుకున్నాడు. అదే ఏడు డిషేజర్‌ను కలిశాడు. ఇద్దరూ ఒకే వేదిక మీద నిలబడితే జపాను జనం తండోపతండాలుగా వచ్చారు. పాత సహచరులు కొందరు మాత్రం ఆయన్ను ద్రోహి అన్నారు. 1952 నుంచి అమెరికా అంతా తిరిగి సాక్ష్యం చెప్పాడు.

అమెరికాలో అందరూ ఆయన చేయి పట్టుకోలేదు. పెర్ల్ హార్బర్‌లో మిత్రులను పోగొట్టుకున్న సైనికుల్లో కొందరు ఆయన మొహం చూడడానికే ఇష్టపడలేదు. సువార్త పుస్తకాల్లో ఈ మాట ఒక్క వాక్యంలో తేలిపోతుంది. వారిని కఠినులుగా చిత్రించే ప్రసంగాలు నేను విన్నాను. అది అన్యాయం. మండుతున్న నూనెలో ఈదినవాడికి, పక్క మంచం మీది స్నేహితుణ్ణి ఆనవాలు పట్టలేకపోయినవాడికి, ఫలానా తేదీలోగా క్షమించు అని గడువు పెట్టే హక్కు ప్రసంగ వేదిక మీద ఉన్నవాడికి లేదు. క్షమాపణ దేవుడు ఇచ్చే కృప. ఇతరుల చేత బలవంతాన సంతకం చేయించుకునే కాగితం కాదు.

కొందరికి అది ఆలస్యంగా వచ్చింది. వెస్ట్ వర్జీనియా నౌకలో బాకా ఊదే సైనికుడు రిచర్డ్ ఫిస్కే ఏళ్ల తరబడి ద్వేషంతో కుమిలాడు. 1991లో, అంటే దాడి జరిగిన యాభై ఏళ్లకు, ఆనాటి జపాను పైలట్లలో ఒకరైన జెంజి అబేను కలిశాడు. అబే ఇచ్చిన డబ్బుతో ప్రతి నెలా అరిజోనా స్మారకం దగ్గర గులాబీలు ఉంచి బాకా ఊదేవాడు. 2004లో చనిపోయేదాకా ఆ స్నేహం నిలిచింది. అరిజోనా నౌక నుంచి బతికి బయటపడినవారిలో చివరివాడు లూ కాంటర్ 2024 ఏప్రిల్‌లో 102వ ఏట కన్నుమూశాడు. ఆ ఓడ మీద ఆ ఉదయం ఏం జరిగిందో తన కళ్లతో చూసి చెప్పగలవారు ఇక లేరు.

ఫుచిడా 1976 మే 30న మధుమేహం వల్ల జపానులోనే చనిపోయాడు. డెబ్బై మూడేళ్లు. డిషేజర్ 2008 వరకు బతికాడు.

మన సంఘాల్లోనూ ముసలి సైనికులున్నారు. 1971 డిసెంబరు 3 సాయంకాలం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద ఉన్నట్టుండి దాడి చేసినప్పుడు, ఆ రాత్రే విశాఖ తీరంలో ఘాజీ జలాంతర్గామి మునిగినప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాడిగా ఉన్నవాడికి ఇప్పుడు డెబ్బై దాటింది. 1962లో మంచు కొండల మీద చైనా దాడిని చూసినవారైతే ఎనభై దాటేశారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో సైన్యానికి బిడ్డను ఇవ్వని ఊరు అరుదు. ఆదివారం వెనక బెంచీలో గోడకు ఆనుకొని కూర్చునే తాతగారు ఏ రెజిమెంటులో చేశారో, ఎక్కడ నిలబడ్డారో మన యువకుల్లో ఎంతమందికి తెలుసు? ఫుచిడా ఓడ పేరు నోటికొస్తుంది, మన తాత పనిచేసిన ఓడ పేరు రాదు.

యువజనులకు ఒక పని చెప్పి ముగిస్తాను. సైనిక పింఛను తీసుకునేవారు ఏటా తాము బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. ఇప్పుడది ఎక్కువగా ఫోనులో, వేలిముద్రతోనో ముఖం చూపించో జరుగుతోంది. వేలిముద్రలు అరిగిపోయినవారికి, స్మార్ట్‌ఫోను లేనివారికి, భర్త పోయిన తర్వాత కాగితాలు ఎక్కడున్నాయో తెలియని అమ్మమ్మలకు ఇది పెద్ద తిప్పలు. ఈ వారం మీ సంఘంలోని మాజీ సైనికుల పేర్లు, వితంతువుల పేర్లు రాసుకోండి. ఇంటికెళ్లి కాగితం అందిందో లేదో అడగండి. చిక్కుంటే శ్రీకాకుళంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడుగా వెళ్లండి. యుద్ధం గురించి వారు చెబితే వినండి. చెప్పకపోతే అడగొద్దు, టీ తాగి రండి.