స్త్రీ పాత్రకు ప్రాణము పోసిన స్థానం

ఆంధ్ర నాటకరంగమున స్త్రీ పాత్రలను పురుషులే ధరించిన కాలమొకటి కలదు. ఆ దినములలో ఎందరో యువకులు చీర కట్టి, సవరము పెట్టి, రంగముపై నిలిచిరి. కంఠము మారినంతనే కొందరు, వయసు ముదిరినంతనే కొందరు ఆ వేషములను విడిచి పురుష పాత్రలకు మరలిరి. సుమారు నలువది సంవత్సరముల కాలము స్త్రీ పాత్రనే నమ్ముకొని, ఆ అభినయమును ఒక విద్యగా సాధించినవారు స్థానం నరసింహారావుగారు.

ఆయన 1902 సెప్టెంబరు 23వ తేదీన, నాటి గుంటూరు జిల్లాలోని బాపట్లలో జన్మించిరి. తల్లిదండ్రులు ఆదెమ్మ, హనుమంతరావుగారలు. నరసింహారావుగారు నటుడగుట కేవలము యాదృచ్ఛికము. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకము ఆడవలసి యుండగా చంద్రమతి వేషధారి రాలేదు. ఆ లోటు పూరించుటకు పదునెనిమిదేండ్ల నరసింహారావుగారు ముఖమునకు రంగు పూసికొని రంగమెక్కిరి. ఒక రాత్రి అక్కరకు ధరించిన ఆ వేషమే ఆయన జీవితమునకు దారి చూపినది.

తరువాత ఆయన తెనాలి చేరి శ్రీరామ విలాస సభలో ప్రవేశించిరి. ఆంధ్ర ప్యారిస్ అని పేరొందిన తెనాలి ఆనాడు నటులకు పుట్టినిల్లు. మాధవపెద్ది వెంకట్రామయ్యగారి వంటి ఉద్దండులు ఆ సభకు చెందినవారే. సురభి నాటక కుటుంబములలో స్త్రీలు స్త్రీ పాత్రలను ధరించుట అప్పటికే కలదు. కాని పట్టణములలోని నాటక సభలలో కులస్త్రీ రంగమెక్కుట నాటి సంఘము సహింపలేదు. ఆ నిషేధము వలన ఏర్పడిన ఖాళీలోనే నరసింహారావుగారి కళ పెరిగినది.

ఆయన ధరించిన పాత్రలు ఒక మూసలో పోసినవి కావు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి సారంగధరలో చిత్రాంగి కోరికతో దహించుకొని పోవు రాణి. పానుగంటివారి విప్రనారాయణలో దేవదేవి పంతముతో భక్తుని లోబరచుకొను వేశ్య. కాళ్ళకూరి నారాయణరావుగారి చింతామణి వేశ్యా వృత్తిలో నుండి వివేకమును పొందిన స్త్రీ. కొప్పరపు సుబ్బారావుగారి రోషనార మొగలు అంతఃపురపు రాజపుత్రి. గురజాడవారి మధురవాణి మాటలతో లోకమును ఆడించు చతుర. వీరిలో ముగ్గురు వేశ్యలే అయినను ఒకరి నడక మరియొకరిది కారాదు. ఒకరి నవ్వు మరియొకరికి అతుకరాదు. నరసింహారావుగారి ప్రతిభ ఈ భేదమును నిలుపుటలోనే కలదు. చీరకట్టు మొదలు చూపు వరకు ప్రతి పాత్రకును వేరువేరుగా కూర్చుకొనెడివారు.

వీటన్నిటికిని తలమానికము ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణ తులాభారములోని సత్యభామ. కృష్ణుడు తన యాజ్ఞ దాటలేడను గర్వముతో సత్య పాడు మీరజాలగలడా అను పాటను నరసింహారావుగారు తామే రచించిరి. ఒక్క పల్లవినే తిరిగి తిరిగి పాడుచు, ఒకసారి గర్వము, ఒకసారి ప్రణయము, ఒకసారి లోలోని శంక చూపి ప్రేక్షకులను కదలనీయకుండిరని ప్రతీతి. మైకులు లేని ఆ రోజులలో, పందిరి చివర కూర్చున్న రైతుకు మాట వినబడవలెను. ముందు వరుసలోని పండితునకు కనుబొమ కదలిక కనబడవలెను. పంట అమ్ముకొని బండ్లు కట్టుకొని వచ్చిన పల్లె జనమును తెల్లవారువరకు కూర్చుండబెట్టుట సామాన్యము కాదు.

ఆయన కీర్తి సముద్రము దాటినది. తెలుగువారు వేలాదిగా స్థిరపడిన రంగూనులో 1938లో ఆయనకు బంగారు కిరీటముతో సత్కారము జరిగినది.

ఇంతలో చలనచిత్రము వచ్చి రంగస్థలపు కట్టుబాట్లను తారుమారు చేసినది. నరసింహారావుగారికి రంగప్రవేశము కలిగించిన చంద్రమతి పాత్రను 1935 నాటి హరిశ్చంద్ర చిత్రములో కన్నాంబగారు ధరించిరి. కెమెరా ముఖమునకు చేరువగా వచ్చును; దాని యెదుట స్త్రీ పాత్రకు స్త్రీయే కావలసి వచ్చెను. నరసింహారావుగారు 1939లో రాధాకృష్ణ, 1942లో సత్యభామ చిత్రములలో నటించిరి. కాని ఆ రెండవ చిత్రములో సత్యభామ ఆయన కాదు, పుష్పవల్లిగారు. మహారాష్ట్రమునను ఇట్లే జరిగినది. స్త్రీ పాత్రలకు ప్రసిద్ధి కెక్కిన బాలగంధర్వులు 1935లో ధర్మాత్మ చిత్రమున ఏకనాథుడను పురుషునిగా కనిపించిరి. నరసింహారావుగారు తిరిగి రంగమునే ఆశ్రయించిరి. చిత్రసీమ ఆయన జీవితమున చిన్న మజిలీగానే మిగిలినది.

స్వతంత్ర భారత ప్రభుత్వము 1956లో ఆయనకు పద్మశ్రీ బిరుదము నొసగినది. కేంద్ర సంగీత నాటక అకాడమీయు ఆయనను పురస్కారముతో గౌరవించినది. తమ పాత్రల సాధనను, రంగస్థలానుభవములను ఆయన నటస్థానము అను గ్రంథమున పొందుపరచిరి. ఆయన పాట 1966లో వెలువడిన శ్రీకృష్ణ తులాభారము చిత్రమున పి. సుశీలగారి కంఠమున, జమునగారి అభినయమున మరల జీవించినది. పురుషుడు స్త్రీకై కట్టిన పాట స్త్రీల చేతికి చేరుట సముచితముగా నున్నది. నరసింహారావుగారు 1971 ఫిబ్రవరి 21న దివంగతులైరి.

స్త్రీని రంగమునకు దూరముగా నుంచిన ఆచారము న్యాయమైనది కాదు. అది పోవుటయే మేలు. ఆ ఆచారముతో పాటు నరసింహారావుగారి కళకును వారసులు కరవైరి. గ్రామఫోను రికార్డులలో ఆయన కంఠము నిలిచినది కాని ఆ నడక నిలువలేదు, ఆ చూపు నిలువలేదు. అయినను తాను కాని వ్యక్తిని ఓర్పుతో గమనించి, గౌరవముతో గ్రహించి, తనలో నిలుపుకొనుట ఏ నటునికైనను మొదటి పాఠము. ఆ పాఠమును జీవితమంతయు అభ్యసించిన వారిగా స్థానం నరసింహారావుగారు ఆంధ్ర నటులకు చిరకాలము గురుస్థానమున నిలువదగినవారు.