బెంజమిన్ డ్యుటెరో

బెంజమిన్ డ్యుటెరో (1767 - 1851) వలసపాలన నాటి ఆస్ట్రేలియా చిత్రకారుడు. టాస్మేనియా ఆదిమవాసుల రూపచిత్రాల వలన ప్రసిద్ధుడైనాడు.

జీవిత విశేషాలు

ఈయన లండనులో, ఫ్రెంచి మూలాలు గల కుటుంబములో జన్మించాడు. మొదట లోహఫలకాలపై బొమ్మలు చెక్కే విద్య నేర్చి, తరువాత రూపచిత్రాలు వేశాడు. రాయల్ అకాడమీలో తన చిత్రాలను ప్రదర్శించాడు. అరవయ్యేళ్ళు దాటిన పిమ్మట, 1832లో కుమార్తెతో కలసి హోబర్ట్ నగరానికి వలస వెళ్ళాడు. 1833లో అక్కడి మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈయన చేసిన ప్రసంగాన్ని ఆస్ట్రేలియాలో చిత్రకళపై తొలి ఉపన్యాసముగా పరిగణిస్తారు. 1851లో హోబర్ట్‌లోనే మరణించాడు.

చిత్రాలు

వలసవాసులతో పోరులో మిగిలిన ఆదిమవాసులను జార్జ్ అగస్టస్ రాబిన్సన్ ప్రభుత్వము తరఫున నచ్చజెప్పి తీసుకొని వచ్చాడు. వారిలో ట్రుగానీని, వూరేడీ, మానలార్గెనా మొదలగువారిని డ్యుటెరో చిత్రించాడు. కొన్ని ప్రకృతి దృశ్యాలు కూడా వేశాడు. 1840 నాటి "ది కన్సిలియేషన్" (సయోధ్య) ఈయన ప్రధాన కృతి. ఇందులో రాబిన్సన్ ఆదిమవాసుల నడుమ నిలిచి కరచాలనము చేస్తూ కనిపిస్తాడు. ఆస్ట్రేలియా వలసలలో చిత్రించిన తొలి చారిత్రక చిత్రముగా దీనికి పేరున్నది. ఇది హోబర్ట్‌లోని టాస్మేనియా మ్యూజియములో ఉన్నది.

చారిత్రక ప్రాధాన్యత

చిత్రములో సయోధ్య కనిపించినా, అప్పటికే ఆ ప్రజలు ఫ్లిండర్స్ దీవిలో ప్రవాసములో ఉన్నారు. మానలార్గెనా 1835లోనే అక్కడ మరణించాడు. ఆ దీవికి పంపిన సుమారు 200 మందిలో అనేకులు వ్యాధులకు బలికాగా, 1847లో 47 మంది మాత్రమే తిరిగి వచ్చారు. టాస్మేనియాలో నేటికీ నివసిస్తున్న ఆదిమవాసి సంతతికి ఈ రూపచిత్రాలు తమ పూర్వీకుల ముఖాలను చూపే అరుదైన ఆధారాలు.