కల్హణ మహాకవి

వంశవృక్షములను సేకరించు పని యెంత కష్టమో మనలో దానికి పూనుకొన్నవా రెఱుగుదురు. పాతపత్రములు చెదల పాలగును, వృద్ధులు గతింతురు, మిగిలినవారు తలకొక తీరుగ జెప్పుదురు. ఇట్టి పనినే ఎనిమిది వందల యేండ్లకు పూర్వము కాశ్మీరమున నిర్వహించిన కల్హణ మహాకవి చరిత్రమును సోదరుల కిట సంగ్రహముగా నివేదించుచున్నాము.

కాశ్మీరము హిమవత్పర్వతములు చుట్టును గోడవలె నిలిచిన లోయ. అచ్చటి కనుమలయందు ద్వారములు గట్టి కాపలా యుంచెడివారు. శీతకాలమున మంచు ఆ దారులను మూసివైచెడిది. గ్రంథములను భూర్జపత్రములపై వ్రాసికొనెడివారు. కల్హణుని తండ్రి చంపకుడు కాశ్మీరప్రభువైన హర్షునకు (1089–1101) మంత్రి. హర్షుడు హతుడైన పిమ్మట రాజ్యము అంతఃకలహములచే నలిగెను. తరువాత జయసింహుని పాలనమున, 1148–1150 సంవత్సరముల నడుమ, కల్హణుడు కాశ్మీరరాజుల వంశానుక్రమమును రాజతరంగిణి యనుపేర ఎనిమిది తరంగములుగా సంస్కృతమున రచించెను.

పూర్వుల రాజకథాగ్రంథములు పదునొకండును, నీలమతపురాణమును ఆయన పరిశీలించెను. అంతటితో దనియక దేవాలయ ప్రతిష్ఠాశాసనములను, దానశాసనములను, ప్రశస్తులను జదివి సందేహములు దీర్చుకొనెను. క్షేమేంద్రుని నృపావళి కవిత్వమున మేలైనను అజాగ్రత్తచే దోషయుక్తమని నిర్ణయించెను.

ప్రాచీనరాజులలో 52 గురి చరిత్రము నష్టమై యుండెను. వారిలో నలువురను నీలమతమునుండియు, ఎనమండ్రను పద్మమిహిరుని గ్రంథమునుండియు, అశోకుడు మొదలగు నైదుగురను ఛవిల్లాకరుని గ్రంథమునుండియు గ్రహించెను. మిగిలిన 35 గురకు పేరులు కల్పింపలేదు. అంతటి కవికి కల్పన యొక లెక్కయా? అయినను ఆ స్థానమును శూన్యముగనే విడిచెను. తన తండ్రి కొలిచిన ప్రభువే యైనను, హర్షుడు దేవాలయములు కొల్లగొట్టి లోహవిగ్రహములు కరగించిన సంగతిని దాచలేదు.

ఆయన గ్రంథమునందు లోపములు లేకపోలేదు. రణాదిత్యుడను రాజు 300 ఏండ్లు పాలించెనను ఐతిహ్యమును అట్లే గైకొనెను. తన కాలమునకు సమీపించుకొలది మాత్ర మాయన చెప్పిన వృత్తాంతము మిక్కిలి విశ్వసనీయముగ నున్నది. 15వ శతాబ్దమున జోనరాజు, అతని పిదప శ్రీవరుడును ఈ చరిత్రమును కొనసాగించిరి.

17వ శతాబ్దమున రాజానక రత్నకంఠుడు వ్రాసికొనిన రాజతరంగిణి ప్రతి యొకటి పిమ్మట ఒక పండితకుటుంబమున జేరి, వారసులచే మూడు భాగములుగ పంచుకొనబడెను. స్టెయిన్ పండితుడు ఆ భాగములను 1889లో సంపాదించి, 1892లో మూలమును, 1900లో ఆంగ్లానువాదమును ప్రకటించెను. ఆ మూడిండ్లలో నే యొక్కరు తమ భాగమును పొయ్యిలో వైచినను ఎంతటి నష్టము గలిగెడిదో యోచింపుడు.

కావున మనవారు తమ యిండ్లనున్న తాళపత్రములను, దస్తావేజులను, జాతకపుస్తకములను భద్రపఱచి, అన్నదమ్ములు పంచుకొన్న కాగితములను ఒకచోట జేర్చి నకలు వ్రాయించుకొందురు గాక. తెలిసిన పేరు నిస్సంశయముగ వ్రాయుదము. తెలియని తరమునకు రాజుల పేరులు తగిలింపక, కల్హణునివలె ఖాళీ విడుతము. రేపు మన బిడ్డలలో నొకరికి ఏ శాసనమో దొరికినచో ఆ ఖాళీ నిండును. కల్పితనామమున్నచో వెదకువారే యుండరు.